తలుపు మీది చేప

సొక్చో, కొరియా
సెప్టెంబర్ 6, 1998

డార్కస్ అత్తకి,

ఈ ఉత్తరం ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చెప్పుకో చూద్దాం. నా ఇంట్లో! నా తలుపు, నా తాళంచెవి. అద్దెదే అనుకో. అయినా పొద్దున తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, పనేమీ లేకపోయినా తిరిగొచ్చి తీసుకున్నాను. అమ్మ పోయాక నీ ఇంట్లో పెరిగాను, ఆ తరువాత కాలేజీ హాస్టల్. నా పేరున ఒక తలుపు ఉండటం ఇదే మొదటిసారి.

ఇన్నాళ్ళూ మా ఇంగ్లీషు ట్యూషన్ సెంటర్ వెనక గదిలో ఉన్నానని నీకు తెలుసుగా. గోడ అవతల పిల్లలు పొద్దస్తమానం ఏ బీ సీలు అరుస్తుంటే ఇవతల నేను తలకి దిండు చుట్టుకుని పడుకునేదాన్ని. మెంగ్ టీచర్ చూసి జాలిపడి ఈ ఇల్లు వెతికిపెట్టింది. ఆ అమ్మాయి నాతోపాటు పాఠాలు చెబుతుంది. నాకు ఇక్కడ నోరూ చెవులూ ఆమే.

రేవుకి దగ్గర్లో రెండంతస్తుల పాత ఇల్లు. పైన ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. కింది భాగం నాది. ఆవిడని ఊరంతా కొడుకు పేరుతో చాంగుక్ వాళ్ళమ్మ అంటారు. నేను మాత్రం హల్మొని అంటాను. ఇక్కడ ముసలావిడలందరూ హల్మొనిలే, మనం నాయనమ్మా అన్నట్టు. తెల్లవాళ్ళకి ఇల్లివ్వనని మొదట కచ్చితంగా చెప్పేసిందట. "బూట్లతో ఇంట్లో తిరుగుతారు, గిన్నెలు వారానికోసారి కడుగుతారు, నాకెందుకొచ్చిన గొడవ?" అందట. అప్పుడు మెంగ్, "ఈ పిల్ల చేపలవాళ్ళ పిల్ల, హల్మొనీ. వాళ్ళ ఊళ్ళో కూడా సముద్రమే, ఎండు చేపలే" అని చెబితే కాసేపు ఆలోచించి ఒప్పుకుందట. చూశావా, నువ్వు చిన్నప్పుడు చెవి మెలిపెట్టి చేపలు తిరగేయించినందుకు ఇప్పుడు ఇల్లు దొరికింది.

ఇల్లు మారడానికి మెంగ్ మంచిరోజు చూసింది. మిగతా రోజుల్లో దయ్యాలు దిక్కులు కాసుకుని ఉంటాయిట. ఊళ్ళో అందరూ అదే రోజు చూసుకున్నట్టున్నారు, ఒక్క లారీ దొరకలేదు. చివరికి క్యాబేజీల బండిలో మారాను. అన్నిటికంటే ముందు అన్నం వండే కుక్కర్ గుమ్మం దాటాలట. దాన్ని నేను పసిపిల్లలా ఎత్తుకుని లోపలికి తెచ్చాను. సాయంత్రం తోటి టీచర్లు వచ్చి బాత్రూం కాగితం చుట్టలూ, బట్టల సబ్బుపొడీ కానుకలుగా ఇచ్చారు. ఇక్కడ కొత్తింటికి అవే తెస్తారు.

అన్నిటికంటే మంచి కానుక హల్మొనిది. మోకాళ్ళ వైద్యానికి ఆ పొద్దునే ఇంచియాన్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయిందట, తాళంచెవి పక్క కొట్లో పెట్టి. అయితే వెళ్ళేముందు నాకోసం ఏం చేసిందో చూడు. లోపలివైపు తలుపు మీద ఒక ఎండు చేప! రిబ్బను కట్టినట్టు తెల్ల నూలు చుట్టి వేలాడదీసింది. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మన కాడ్ చేపకి దగ్గర చుట్టమే ఇది, కాస్త సన్నం. తలతోనే ఎండబెట్టారు. కొంచెం పాతబడింది కానీ నీ చేతి కింద పెరిగినదాన్ని, బాగు చేసుకోవడం రాదా? తల తీసి పులుసు కాచాను. ముందు సగం నానబెట్టి బంగాళాదుంపలతో ఉడికించుకుని కూర్చున్నచోటే తినేశాను. ప్రభుత్వం మన చేపల వేట ఆపించాక ఆ రుచి నాలుకకి తగల్లేదత్తా. తోక సగం కాగితంలో చుట్టి దాచాను. ఆ నూలుతో కిటికీ తెర అంచు కుట్టుకున్నాను.

మావయ్యకి నా ముద్దులు.

నీ పాలెట్

*

గ్యానెట్ కోవ్, న్యూఫౌండ్‌ల్యాండ్
సెప్టెంబర్ 27, 1998

పిల్లా పాలెట్,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. రొట్టె పిండి చేతులతోనే విప్పాను, అందుకే మొదటి పేజీ అట్టకట్టింది. ఇంకోసారి చదువుదామంటే కత్తితో విడదీయాల్సి వచ్చింది.

ఇల్లు దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ బాత్రూం కాగితాల సంగతే నాకు నచ్చలేదు. నీ కడుపు గురించి ఊరంతటికీ అంత బెంగ దేనికి? నువ్వు ఏం తింటున్నావో నిజం రాయి.

ఇక్కడ విశేషం విను. ఈసారి కొన్ని రోజులు ఇంటి వాడకానికి చేపలు పట్టుకోవచ్చని అన్నారు. ఇన్నేళ్ళూ అలిగి పడవకేసి చూడని మీ మావయ్య దాన్ని నీళ్ళలోకి దించాడు. చేతికి దొరికినవి కాసినే. అయినా వాటిని చీల్చి, ఉప్పేసి, పెరట్లో బల్లల మీద పరిచాను. వాన వస్తే పరుగెత్తి కప్పడం, ఎండ వస్తే తిరగేయడం. నా నడుము ఆ పని మరిచిపోలేదు కానీ క్షమించనూ లేదు. పక్కింటి ఫడ్జ్ వాళ్ళు కూడా ఇల్లు మూసేసి పనికోసం ఆల్బర్టా వెళ్ళిపోయారు. వాసనకి వచ్చి గోడ మీద చెయ్యేసుకుని కబుర్లు చెప్పేవాళ్ళు ఎవరూ లేరిప్పుడు.

అసలు సంగతికి వస్తాను. ఆ హల్మొని ఎవరో గానీ మంచి మనిషి. ఎండు చేప ఇచ్చేది మనసున్నవాళ్ళే. మరి నువ్వేం చేశావు? ముందు సగం మింగి, తోక దాచుకుని, నూలు కూడా కొట్టేశావు! ఆవిడ ఊరినుంచి రాగానే ఆ తోక నానబెట్టి వండి పళ్ళెంలో పెట్టి పట్టుకెళ్ళు. పంది కొవ్వు ముక్కలు కరకరలాడేలా వేయించి పైన పోయడం మరిచిపోకు. లేకపోతే దాన్ని పెంచిన అత్త ఎలాంటిదో అనుకుంటుంది. నా పరువు తీయకు.

చెప్పిన మాట విను.

మీ అత్త డార్కస్

*

సొక్చో
అక్టోబర్ 18, 1998

అత్తా,

చెప్పిన మాట విన్నాను. కొంప మునిగింది.

హల్మొని మొన్న బుధవారం వచ్చింది. మర్నాడు నువ్వు రాసినట్టే తోక ముక్క వండి, కొవ్వు ముక్కలు వేయించి పోసి, మెంగ్‌ని తోడు తీసుకుని మెట్లెక్కబోతున్నాను. ఈలోగా ఆవిడే గోడ పట్టుకుని దిగి వచ్చింది, ఇల్లెలా పెట్టుకున్నానో చూద్దామని. నా గచ్చు చూసింది, గిన్నెలు చూసింది. బాగానే ఉందన్నట్టు తలూపింది. తరువాత తలుపు మీదికి చూసింది.

"చేప ఏదీ?" అంది.

ఆ మాత్రం కొరియా మాట నాకొచ్చు. నేను నవ్వుతూ పళ్ళెం ముందుకు చాచి, "ఇదే!" అన్నాను.

అత్తా, ఆవిడ అరిచినా బావుండేది. పళ్ళెంకేసి చూసింది, తలుపుకేసి చూసింది, మళ్ళీ పళ్ళెంకేసి. పక్కన మెంగ్ మొహంలో నెత్తురు లేదు. హల్మొని నా చేతుల్లోంచి పళ్ళెం తీసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

అప్పుడు చెప్పింది మెంగ్. అది తినే చేప కాదు. ఇంటికి కాపలా చేప. దాని కళ్ళు మూసుకోవు కాబట్టి చెడుని లోపలికి రానివ్వదని వేలాడదీస్తారు. నూలు ఇంట్లోవాళ్ళ ఆయుష్షు కోసం.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"తలుపు మీది చేపని తింటారని ఎవరైనా కల కంటారా? మనిషన్నవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు, పాలెట్!" అని మెంగ్ తల పట్టుకుంది.

అంతటితో అయిపోతే వేరు. హల్మొని మొగుడు ఈ రేవులో పడవ నడిపినవాడు. మ్యొంగ్తే అనే ఈ చేపని జీవితమంతా పట్టాడట. ఇక్కడి సముద్రంలో కూడా అది మాయమైపోతోందత్తా, మనకి కాడ్ పోయినట్టే. ఇంక లాభం లేదని ఆఖరిసారి వేటకి వెళ్ళొచ్చి పడవ అమ్మేశాడు. ఆ వేటలో దొరికినదాన్నే తన చేతులతో ఎండబెట్టి, నూలు చుట్టి, ఆ తలుపు మీద పెట్టాడు. ఆ పైయేడు ఆయన పోయాడు. ఆవిడ కింద ఉండలేక పైకి మారింది. అద్దెకి ఎంతమంది వచ్చి పోయినా ఆ చేప జోలికి ఎవరూ వెళ్ళలేదు. నేను వెళ్ళాను, బంగాళాదుంపలతో.

మర్నాడు మెట్ల మీద కూర్చుని, "తప్పయింది, తెలియలేదు" అని నేర్చుకున్న ముక్కలన్నీ అప్పజెప్పాను. తలుపు తెరుచుకోలేదు. నా పళ్ళెం కూడా తిరిగి రాలేదు. ఈ ఇల్లు పోతుందేమోనన్నది ఒక బాధ. అంత నమ్మి ఇచ్చిన మనిషికి నేను చేసింది ఇదా అన్నది ఇంకా పెద్ద బాధ.

పాలెట్

*

గ్యానెట్ కోవ్
నవంబర్ 5, 1998

పాలెట్,

నీ ఉత్తరం చదివి మీ మావయ్య భోజనం ముందునుంచి లేచిపోయాడు. నేను కూడా నా పళ్ళెం తోసేశాను.

తప్పు నీది కాదు, నాది. చేప కనిపిస్తే పోనివ్వకూడదని నీకు నేర్పింది ఎవరు? దాన్ని వండి పట్టుకెళ్ళమని ఇంతింత అక్షరాలతో రాసింది ఎవరు? పైగా కొవ్వు ముక్కలు కూడా పోయమన్నాను! ఆవిడ మొగుడి చేతి చేప మీద! ఆ మాట గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

మెంగ్‌తో కొరియా వాళ్ళ మర్యాదలన్నీ కూర్చుని చెప్పించుకో. గోడకున్న మేకు కూడా అడగకుండా పీకకు. ఆవిడ తిడితే పడు. తిట్టకపోతే వెళ్ళి మెట్లు ఊడ్చు. మోకాళ్ళ నొప్పులంటున్నావు, నీళ్ళో, బొగ్గో, ఏం మోయాలో చూసి మోసెయ్.

ఈ వేళే ఒక పార్సెల్ పంపుతున్నాను. ఈ ఏడు మేము ఎండబెట్టినవాటిలో అన్నిటికంటే మంచిది. మధ్యకి విరగలేదు, ఎక్కడా మచ్చ లేదు. మీ మావయ్యే ఎంచి తీశాడు. ఆవిడకి ఇవ్వు. దాంతోపాటు ఒక కాగితం పెట్టాను. అది నువ్వు చదవకు. మెంగ్ చేత చదివించి ఆవిడకి వినిపించు. పోస్టాఫీసు పిల్ల వాసన చూసి మొహం చిట్లించింది. "నీ మొహం నేను చాలాసార్లు చూశాను, స్టాంపు బిళ్ళ అంటించు" అన్నాను.

నీ కోసం దేవుణ్ణి అడుగుతున్నాను. ఆవిడ కోసం కూడా.

అత్త

*

సొక్చో
నవంబర్ 29, 1998

అత్తకి,

పార్సెల్ ఇంకా రాలేదు. నువ్వు చెప్పకముందే మెట్లు ఊడుస్తున్నాను. బొగ్గు లేదు కానీ కూరల సంచులున్నాయి. ఆవిడ సంత నుంచి రావడం కనిపిస్తే పరుగెత్తి వెళ్ళి లాక్కున్నంత పనిచేస్తున్నాను. ఆవిడ ఇస్తుంది, మాట్లాడదు.

ఏదో ఒకటి చేయాలని సంతకి వెళ్ళి, తలా కళ్ళూ ఉన్న పెద్ద మ్యొంగ్తే కొని, తెల్ల నూలు చుట్టి తలుపు మీద పెట్టాను. ఆవిడ దిగి వచ్చినప్పుడు చూసింది. "ఎవరు పట్టింది?" అని అడిగింది. అమ్మినావిడ రష్యా సరుకని చెప్పింది, అదే చెప్పాను. హల్మొని మెల్లగా తలూపి వెళ్ళిపోయింది. కోప్పడలేదు. నేనే దాన్ని దించేశాను. ఏ సంబంధమూ లేని చేప అది.

కిందటివారం కొడుకు చాంగుక్ మెంగ్‌కి ఫోన్ చేశాడు. చేప సంగతి ఆయనకి తెలిసింది. జనవరిలో వాళ్ళ నాన్న పోయిన రోజు వస్తుంది. ఏటా ఆ రోజు ఇక్కడికే వచ్చి, బల్ల నిండా వండిపెట్టి, ఫోటో ముందు మొక్కుతాడు. "నాన్న చేప తిన్న మనిషి కింద కాపురం ఉంటే నేను పైన ఎలా మొక్కను? నేను వచ్చేసరికి ఇల్లు ఖాళీ అవ్వాలి" అన్నాడట. మెంగ్ ఎంత చెప్పినా వినలేదు. ఆయన్ని తప్పు పట్టలేను.

నిన్న ఇంకో సంగతి జరిగింది. హల్మొని ఉన్నట్టుండి నా తలుపు కొట్టి, చేతికి రబ్బరు తొడుగులిచ్చి పెరట్లోకి లాక్కెళ్ళింది. కొండంత క్యాబేజీ, టబ్బు నిండా ఎర్రటి కారం ముద్ద. చలికాలానికి కిమ్చీ పచ్చడి పెడుతున్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఉన్నారు. హల్మొని నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఆకు ఆకుకీ కారం ఎలా పట్టించాలో చూపించింది. నేను తక్కువ రాస్తే మణికట్టు మీద ఒక్కటేసింది. మాట మాత్రం లేదు. ఆఖర్న పెద్ద జాడీ నిండా కిమ్చీ పెట్టి నా గుమ్మంలో దింపించింది. నేను ఒక్కదాన్ని కదపలేకపోయాను.

అర్థమైందత్తా. వెళ్ళిపోయేవాళ్ళని ఉత్త చేతులతో పంపరు కదా. పెట్టె కింద పెట్టి సర్దడం మొదలుపెట్టాను. సెంటర్ వెనక గది ఇంకా ఖాళీగానే ఉంది.

పాలెట్

*

గ్యానెట్ కోవ్
డిసెంబర్ 13, 1998

ఓసి పిచ్చి మొద్దా!

మోయలేనంత జాడీ అని నువ్వే రాశావు. చలికాలం మొత్తానికి సరిపడే తిండి, నెలలో ఇల్లు వదిలి పోయేదానికి ఎవరు పెడతారే? వెళ్ళేవాళ్ళకి దారిలో తినడానికి మూట కడతారు. జాడీ పెట్టేది ఉండేవాళ్ళకి. నాకు కొరియా భాష రాదు, ఆవిడ మొహం నేను చూడలేదు, కానీ వంటిల్లు ఏ దేశంలోనైనా వంటిల్లే.

కొడుకన్నది కొడుకు మాట. ఇల్లు ఆవిడది. ఆవిడ నోటితో పొమ్మనేదాకా కదలకు. కారం తక్కువ రాసినందుకు కొట్టిందన్నావే, అక్కడ నాకు ప్రాణం లేచొచ్చింది. పోయేదాన్ని ఎవరూ కొట్టి నేర్పరు.

పెట్టె విప్పు. పండక్కి స్వెట్టర్ పంపాను, చేతులు పొడుగయ్యాయి, మడుచుకో. మీ మావయ్య, ఆ ముసలాయన ఏ వలతో పట్టేవాడో కనుక్కోమంటున్నాడు. ఇప్పుడా అడిగేది అన్నాను.

ముద్దులతో,
అత్త

*

సొక్చో
జనవరి 24, 1999

అత్తా, నా బంగారు అత్తా,

కుదురుగా కూర్చుని చదువు. మావయ్యని కూడా పిలువు.

పార్సెల్ సరిగ్గా ఆ రోజే వచ్చింది, పెద్దాయన పోయిన రోజున. పోస్టు మనిషి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చాడు. చాంగుక్ పెళ్ళాంతో సహా పొద్దున్నే దిగాడు. కింద నేనింకా ఉన్నానని చూసి పలకరించకుండానే పైకి వెళ్ళిపోయాడు. నీ ఉత్తరం నమ్ముకుని పెట్టె విప్పాను కానీ, ఆయన మొహం చూశాక మళ్ళీ సర్దేశాను. చేపని ఆవిడ చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోదామనుకుని సాయంత్రం మెంగ్‌తో పైకి వెళ్ళాను.

బల్ల వేసి ఉంది. పళ్ళూ, అన్నం, పులుసులూ, వెనక ఆయన ఫోటో. ఎండకి నల్లబడిన మొహం, మన రేవులో ఎవరైనా కావచ్చు. నేను మోకాళ్ళ మీద కూర్చుని పొట్లం హల్మొని ముందు పెట్టాను. మెంగ్ నీ కాగితం విప్పి చదివింది. నాకు తెలియకుండా రాశావు కదా, ఆమె ఒక్కో వాక్యం నీ మాటల్లో పైకి చదివి, తరువాత కొరియాలో చెబుతుంటే అప్పుడు విన్నాను. "అమ్మా, మీకంటే చిన్నదాన్ని అయితే క్షమించండి, పెద్దదాన్ని అయితే చెల్లెలా అనుకుని చెబుతున్నాను. పిల్లకి చేప కనిపిస్తే తినడం నేర్పింది నేను. వేలాడదీసుకునే చేప ఉంటుందని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఇది మా ఆయన పట్టాడు, నేను ఎండబెట్టాను. మీ ఆయన చేపకి ఇది సాటి రాదు. పిల్లని మాత్రం చలిలో బయటికి పంపకండి."

హల్మొని పొట్లం విప్పింది. నీ చేపని తీసి వెలుగుకి పట్టింది. వెన్ను మీద బొటనవేలితో నొక్కింది, అంచు వాసన చూసింది. నువ్వు చూసినట్టే అత్తా, అచ్చం నువ్వు చూసినట్టే! తరువాత అటూ ఇటూ తిప్పి, "తల ఏదీ?" అంది.

"వాళ్ళు తల కోసేసి ఎండబెడతారట" అంది మెంగ్.

"తల లేనిది కాపలా ఏం కాస్తుందే? కళ్ళెక్కడ పెట్టుకుని చూస్తుంది?" అని హల్మొని పకపకా నవ్వింది. ఇన్ని నెలల్లో ఆవిడ నవ్వడం వినలేదు నేను.

చాంగుక్‌కి ఒళ్ళు మండింది. "అమ్మా, నవ్వుతున్నావా? నాన్న ఆఖరి చేపని ఈ మనిషి తినేసింది."

"మొత్తం తినలేదు" అంది హల్మొని. "తోక నేను తిన్నాను."

మెంగ్ నాకు అనువాదం చేయడం కూడా మరిచిపోయింది. గిల్లి చెప్పించుకున్నాను.

హల్మొని చేప మీదనుంచి చెయ్యి తీయకుండానే చెప్పింది. "ఆ రోజు పళ్ళెం తెచ్చుకుని తలుపేసుకున్నాను. పారేద్దామనే. వాసన తగిలింది. కూర్చుని తిన్నాను. ముళ్ళు కూడా చప్పరించాను. మీ నాన్న తెచ్చిన ఆఖరి చేపరా అది. దాని కిందనుంచి నడిచినప్పుడల్లా తల దించుకుని పోయేదాన్ని. దాని రుచి తెలియకుండానే నేను చచ్చిపోయేదాన్ని. ఈ పిల్ల తెచ్చి నోటికందించింది. కొవ్వు మరీ ఎక్కువ పోసింది, అది వేరే సంగతి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు కొడుకు.

"ఏమని చెప్పను? మొగుడి కాపలా చేపని తినేసిన ముసలిదాన్నని ఊరంతా నవ్వదూ? ఈ పిల్ల మొహం చూడాలన్నా సిగ్గేసింది. పళ్ళెం ఇస్తే ఏమైందని అడుగుతుందని అది కూడా దాచాను." తరువాత కొడుకు వైపు తిరిగింది. "వెళ్ళగొడతానన్నావుగా. ఇద్దరినీ వెళ్ళగొట్టు. ముందు నా మూట కట్టు."

అత్తా, నేను అప్పుడు ఏడ్చినంతగా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదేమో. దుఃఖం కాదు. నన్ను ఎవరూ తోసేయలేదు అని ఒక్కసారిగా తెలిసింది, అంతే.

చాంగుక్ లేచి బయట వరండాలోకి వెళ్ళాడు. సిగరెట్ అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. లోపలికి వచ్చి నీ చేపని రెండు చేతులతో ఎత్తాడు. ఎండు చేప పెట్టాల్సిన చోటు బల్ల మీద ఉంటుంది, అక్కడికి తీసుకెళ్ళి ఆగిపోయాడు. చేప తల తూర్పుకి ఉండాలట.

"అమ్మా, దీనికి తూర్పు ఎటు?" అన్నాడు.

"తల ఉందనుకుని పెట్టరా!" అంది హల్మొని.

అలా పెట్టాడు. అందరూ మొక్కారు, నేనూ మొక్కాను. కప్పులో సారా పోస్తూ హల్మొని ఫోటోతో, "ఇది లియాండర్ అనే ఆయన పట్టాడు. అవతలి సముద్రం మనిషి. వాళ్ళకి కూడా చేపలు పోయాయట" అని చెప్పింది. మావయ్య పేరు నోరు తిరక్క మూడు రకాలుగా పలికింది. వల సంగతి అడిగాను. పెద్దాయన వలతోనూ పట్టేవాడు, బాగా చల్లటి రోజుల్లో గాలపు తాడుతోనూ పట్టేవాడట. చేతుల మీద తాడు కోసిన గీతలు ఉండేవట. మావయ్యకి చెప్పు.

మొక్కడం అయ్యాక నీ చేపని వండమని నాకే ఇచ్చింది. నానబెట్టాలి, రేపటిదాకా ఆగాలి అంటే, చాంగుక్ తన బస్సు టిక్కెట్టు మార్పించుకున్నాడు. మర్నాడు నలుగురం తిన్నాం. కొవ్వు తక్కువ పోశాను. "కొంచెం ఎక్కువ పోస్తే ఏం పోయింది?" అంది హల్మొని.

నా పళ్ళెం వచ్చింది, ఎర్రటి గింజల బియ్యపురొట్టెతో. తలుపు మీద కొత్త చేప పెట్టమని అడిగితే, "ఇంక ఎందుకు? నీ కళ్ళు వాటికంటే పెద్దవి, నువ్వే కాపలా కాయి" అంది. తెరకి కుట్టిన నూలు విప్పేస్తానంటే వద్దంది. నేను ఇంకో ఏడాదికి అద్దె కాగితం మీద సంతకం పెట్టేశాను. నిన్ను అడక్కుండానే పెట్టాను, తిట్టకు. నువ్వు చేసినదానికి, మావయ్య చేసినదానికి, ఏ మాటతో థాంక్స్ చెప్పాలో తెలియడంలేదు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని, నాకే మాటలు రావడంలేదు.

మీ పాలెట్

*

గ్యానెట్ కోవ్
ఫిబ్రవరి 14, 1999

నా తల్లీ,

నీ ఉత్తరం మీ మావయ్యకి పైకి చదివాను. "తోక నేను తిన్నాను" అన్నచోట ఇద్దరం నవ్వాం. మూట కట్టమన్నచోట నేను ముందుకి చదవలేకపోయాను. కాగితం ఆయన తీసుకుని చదివాడు. గాలపు తాడు మాట రాగానే తన అరచేతులు తిప్పి చూసుకుని, నాకూ చూపించాడు. కొత్తగా నాకు చూపించేదేముంది, అవి రోజూ చూసేవే. అయినా చూశాను.

ఆ తల్లికి చెప్పు, నేను ఆవిడకి రుణపడ్డానని. నువ్వు ఒక్కదానివి, ఎక్కడో ఉన్నావన్న దిగులు నన్ను ఏనాడూ వదల్లేదు. నీకు రాసేదాన్ని కాదు. ఇప్పుడు అది పోయింది. ఇంకో ఏడాది ఉండు. మంచిపని చేశావు.

అన్నట్టు, ఆస్పత్రికి కొత్త నర్సు వచ్చింది. ఫిలిప్పీన్స్ అమ్మాయి, కొరసోన్. ఈ మంచులో ఆ పిల్ల చలి కోటు చూస్తే నీకూ కడుపు తరుక్కుపోయేది. ఎవరూ గది ఇవ్వలేదట. నీ గది ఇచ్చేశాను. నీ వస్తువులు పైన అటక మీద భద్రంగా పెట్టాను. నీకు కష్టంగా ఉంటుందేమోనని రెండు రోజులు ఆలోచించాను, మూడోరోజు ఆ జాడీ గుర్తొచ్చింది. వెళ్ళి పిల్లని తీసుకొచ్చాను.

నిన్న ఆమె డ్యూటీకి వెళ్ళాక గది ఊడుద్దామని వెళ్ళాను. తలుపు పైన ఎండిన ఆకులతో అల్లినదేదో గుచ్చి ఉంది, సగం రాలిపోతూ. చెత్త అనుకుని చెయ్యి ఎత్తాను.

ఎత్తిన చెయ్యి దించుకుని, కింద రాలిన ఆకుముక్కలు మాత్రం ఏరి, చిన్న గిన్నెలో పెట్టి, ఆ పిల్ల వచ్చేదాకా వంటింట్లో కూర్చున్నాను, అదేమిటో అడుగుదామని.

మీ అత్త